క్యాజువాలిటీ డాక్టరు ఎలా తయారవుతాడు?

ఎంబీబీఎస్‌లో నేర్పే వైద్యానికి ఒక వరస ఉంది. రోగి చెప్పింది వినాలి, ఒళ్ళు పరీక్షించాలి, రక్తపరీక్షలకూ ఎక్స్‌రేకూ పంపాలి, జబ్బేమిటో తేల్చుకోవాలి, ఆ తర్వాతే మందు రాయాలి. ఓపీలోనూ వార్డులోనూ ఈ వరస బాగానే నడుస్తుంది. క్యాజువాలిటీ తలుపు దగ్గరికి వచ్చేసరికి తలకిందులవుతుంది. రోహిణి కార్తెలో కోవూరు వైపు పొలంలో పడిపోయిన మనిషిని ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి తెచ్చారనుకోండి. స్పృహ లేదు, నోట్లో నురగ. వెంట వచ్చినవాళ్ళలో ఒకరు వడదెబ్బంటారు, ఒకరు ఏదో కరిచిందంటారు, భార్య ఏమీ చెప్పకుండా ఏడుస్తుంటుంది. వడదెబ్బ కావచ్చు, పురుగుల మందు కావచ్చు, పాముకాటు, పక్షవాతం, మూర్ఛ, షుగరు పడిపోవడం, ఏదైనా కావచ్చు. ఏదో తేలేదాకా మనం ఆగితే ఆ మనిషి ఆగడు. ముందు గొంతులో దారి తెరవాలి, ఊపిరి ఆడేలా చూడాలి, బీపీ నిలబెట్టాలి, వేలు గుచ్చి షుగరు చూడాలి, ఒంటి వేడి కొలవాలి. జబ్బు పేరు ఆ తర్వాత.

ఈ తలకిందుల వరసను ఒంటబట్టించడమే ఎమర్జెన్సీ మెడిసిన్ పీజీ చదువు చేసే పని. అర్థం చేసుకోవడానికి ఒక పూట చాలు. అర్ధరాత్రి నలుగురు అరుస్తుండగా చెయ్యి వణక్కుండా చేయడానికే మూడేళ్ళు పడుతుంది. ఆ మూడేళ్ళలో ఏం జరగాలో, ఎక్కడ చెడుతుందో ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వచ్చే కేసుల మీదుగా చూద్దాం. కింద రాసిన మోతాదులు పెద్దవాళ్ళవి, ఆసుపత్రిలో వాడేవి. ఇంట్లో ప్రయోగించడానికి కావు.

కొత్త శాఖ, పాత గది

మన దేశంలో ఈ చదువు వయసు చిన్నదే. అమెరికాలో సిన్సినాటి విశ్వవిద్యాలయం 1970లోనే ఎమర్జెన్సీ రెసిడెన్సీ మొదలుపెట్టింది. మన మెడికల్ కౌన్సిల్ దీన్ని విడి శాఖగా గుర్తించింది 2009లో. జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే డీఎన్‌బీ కోర్సు 2013లో వచ్చింది. అంతకుముందు క్యాజువాలిటీ అంటే ఒక గది, ఒక మెడికల్ ఆఫీసరు, ఒకరిద్దరు హౌస్‌సర్జన్లు. చీటీ రాసి మెడిసిన్‌కో సర్జరీకో కబురు పెట్టడం వాళ్ళ పని. పైనుంచి పీజీ దిగివచ్చేదాకా రోగి స్ట్రెచర్ మీదే ఉండేవాడు. ఉమ్మడి రాష్ట్రంలో 108 ఆంబులెన్సులు 2005 ఆగస్టు 15న రోడ్డెక్కాయి. అంటే రోగిని మోసుకొచ్చే బండి ముందు వచ్చింది, బండి దిగేచోట నిలబడాల్సిన స్పెషలిస్టు ఆ తర్వాత వచ్చాడు.

కోర్సు మూడేళ్ళు. సొంత విభాగంలో డ్యూటీలతో పాటు అనస్థీషియా, ఐసీయూ, గుండె, ఎముకలు, పిల్లలు, కాన్పుల విభాగాల్లో కొన్ని వారాల చొప్పున తిరగాలి. ఒక థీసిస్ రాయాలి. పరిశోధన పద్ధతులు, వైద్య నీతి, గుండె ఆగినప్పుడు చేసే చికిత్స మీద చిన్న కోర్సులు పూర్తి చేయాలి. జిల్లా ఆసుపత్రిలో మూడు నెలలు పనిచేయాలి. చివర నాలుగు థియరీ పేపర్లు, ప్రాక్టికల్స్. కాగితం మీద ఇదంతా ఏ కాలేజీలోనైనా ఇంచుమించు ఒకటే. కేసులకైతే ఈ రెండు జిల్లాల్లో కొదవే లేదు: జాతీయ రహదారి, అడవి అంచు ఊళ్ళు, రొయ్యల గుంటలు, గ్రానైటు క్వారీలు, సముద్రం, ఎండ. కొరత పడేది పక్కన నిలబడి చెయ్యి పట్టి దిద్దే పెద్ద డాక్టరే. వంద కేసులు చూసినంత మాత్రాన చదువు రాదు. ఒకే తప్పును వందసార్లు చేసినా లెక్క వందే అవుతుంది.

ముందు ఎవరిని చూడాలి

మొదటి నెలల్లో నేర్పేది ట్రయాజ్. వచ్చినవాళ్ళను ప్రాణాపాయాన్ని బట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చగా విడదీయడం. తేలిగ్గా కనిపిస్తుంది గానీ కొత్త డాక్టరు కన్ను సహజంగా అరిచేవాడి మీదికి పోతుంది. అరవగలిగాడంటే గొంతు తెరిచే ఉంది, ఊపిరి ఆడుతోంది, మెదడుకు రక్తం అందుతోంది. చెమటలు కక్కుతూ మాట్లాడకుండా కూర్చున్న మనిషి దగ్గరికి ముందు వెళ్ళాలి.

ఇక్కడ ఎక్కువగా తప్పే అంకె ఊపిరి వేగం. కేసు షీట్లు తిరగేస్తే అందరికీ నిమిషానికి 18 అనో 20 అనో రాసి ఉంటుంది. ఎవరూ లెక్కపెట్టి ఉండరు. బీపీ పడిపోవడానికి చాలాముందే ఊపిరి వేగం పెరుగుతుంది. చీము పట్టి రక్తానికెక్కినవాడికైనా, లోపల రక్తం కారుతున్నవాడికైనా మొదటి జెండా అదే. అందుకే మంచి విభాగాల్లో తొలి నెలంతా పీజీ చేత గడియారం చూస్తూ అర నిమిషం లెక్కపెట్టిస్తారు. విసుగ్గా ఉంటుంది. ఉండనీ.

ట్యూబు వేయడం ఒక్కటే కాదు

బయటివాళ్ళకు ఎమర్జెన్సీ డాక్టరంటే గొంతులో ట్యూబు వేసేవాడు. ఆ నైపుణ్యం అనస్థీషియా థియేటర్లో మొదలవుతుంది. అక్కడ రోగి ఖాళీ కడుపుతో ఉంటాడు, బీపీ బాగుంటుంది, వెలుతురు ఉంటుంది, పక్కన ప్రొఫెసరు ఉంటారు. యాభై ట్యూబుల దాకా వేస్తేగానీ చెయ్యి నమ్మకంగా కుదరదని ఈ రంగంలో సాధారణంగా ఒప్పుకునే లెక్క. అయితే థియేటర్లో కుదిరిన చెయ్యి క్యాజువాలిటీలో సరిపోదు. ఇక్కడి రోగి కడుపు నిండా అన్నం, నోటి నిండా రక్తం, బీపీ 80.

వరస ఇలా ఉంటుంది. మూడు నిమిషాలు బిగుతైన మాస్కుతో నూరు శాతం ఆక్సిజన్. తల కాస్త ఎత్తి, చెవి రంధ్రం ఛాతీ ఎముకకు సమాన మట్టంలో ఉండేలా తల కింద దుప్పటి మడిచి పెట్టడం. ముక్కులోనూ ఆక్సిజన్ గొట్టం వదిలేయడం. సక్షన్ ఆన్ చేసి తలగడ కింద ఉంచడం. మత్తుకు కెటమిన్ కిలోకు 1 నుంచి 2 మి.గ్రా., వెంటనే సక్సినైల్‌కోలిన్ కిలోకు 1.5 మి.గ్రా. లేదా రోక్యురోనియం కిలోకు 1.2 మి.గ్రా., ఈ రెండూ కండరాలను సడలించేవి. ట్యూబు దిగాక పళ్ళ దగ్గర ఆడవాళ్ళకు 21, మగవాళ్ళకు 23 సెంటీమీటర్ల గుర్తు. అంతకన్నా లోపలికి పోతే కుడి ఊపిరితిత్తిలోకి మాత్రమే గాలి పోతుంది. స్టెతస్కోపుతో విని సరిగానే పడిందనుకోవడం పాత అలవాటు. నమ్మాల్సింది వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడును చూపే క్యాప్నోగ్రాఫ్ గీతను. ఆ గీత లేకపోతే ట్యూబు ఆహారనాళంలో ఉన్నట్టే లెక్కగట్టి తీసేయాలి.

ఇందులో చెడేది ఎక్కువసార్లు చేతిపని కాదు, దానికి ముందు చేయాల్సిన ఆలోచన. షాకులో, అంటే బీపీ కూలిపోయి ఉన్న మనిషికి మత్తిచ్చి ట్యూబు వేయగానే గుండె ఆగడం ఈ శాఖలో అందరూ భయపడే సంగతి. మత్తు మందు బీపీని దించుతుంది, బ్యాగు కొట్టే గాలి ఛాతీలో ఒత్తిడి పెంచి గుండెకు తిరిగొచ్చే రక్తాన్ని తగ్గిస్తుంది. అందుకే ముందు సెలైనో రక్తమో ఎక్కించి, బీపీ పెంచే నార్‌అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకుని, మత్తు మోతాదు సగానికి తగ్గించి, అప్పుడు లారింగోస్కోపు పట్టాలి.

ఇంకో ఉచ్చు ఇంతకన్నా కనబడనిది. షుగరు బాగా పెరిగి రక్తంలో ఆమ్లం పేరుకున్నవాడు నిమిషానికి ముప్పై, నలభై సార్లు ఊపిరి తీస్తూ ఆ ఆమ్లాన్ని బయటికి తోస్తుంటాడు. అలసిపోయాడు కదా అని ట్యూబు వేసి, వెంటిలేటరును అలవాటుగా 12కో 14కో పెడితే అతని ఒళ్ళు చేసుకుంటున్న వైద్యాన్ని మనం ఆపేసినట్టు. కొన్ని నిమిషాల్లో గుండె ఆగుతుంది. అలాంటివాడికి వీలైతే ట్యూబే వేయకూడదు. తప్పనప్పుడు వేగాన్ని పాత వేగానికి దగ్గరగా ఉంచాలి. ఇది పుస్తకంలో ఒక పేరా. పక్కన నిలబడిన సీనియరు ‘ఆగు, ఇతను ఎందుకింత వేగంగా రొప్పుతున్నాడో చెప్పు’ అని ఒక్కసారి అడిగితే జీవితాంతం గుర్తుంటుంది.

రెండుసార్లు ప్రయత్నించినా ట్యూబు దిగకపోతే మూడోసారికి మంకుపట్టు పట్టకూడదు. గొంతు లోపల స్వరపేటిక పైన కూర్చునే మాస్కు పెట్టాలి. అదీ కుదరక ఆక్సిజన్ పడిపోతుంటే మెడ ముందు కోసి, బూజీ అనే సన్నటి కడ్డీ దించి, దాని మీదుగా 6 సైజు ట్యూబు పెట్టాలి. ఏ పీజీకైనా ఇది మూడేళ్ళలో ఒకటి రెండుసార్లు ఎదురైతే ఎక్కువ. కాబట్టి రోగి మీద నేర్చుకునే వీల్లేదు. మాంసం కొట్టు నుంచి తెచ్చిన మేక గొంతుగొట్టం మీద నేర్పుతారు. ఖర్చు తక్కువ, చేతికి తెలిసే గట్టిదనం మనిషి గొంతుకు దగ్గరగా ఉంటుంది. ఏడాదికోసారి కాదు, మూడు నాలుగు నెలలకోసారి చేయించే విభాగమే ఆ సాధనను పట్టించుకుంటున్నట్టు.

పురుగుల మందు, పాము

ఈ రెండూ ఇక్కడి పీజీకి బెంగళూరు కార్పొరేటు ఆసుపత్రి పీజీకి దొరకని చదువు. పురుగుల మందుల్లో ఆర్గనోఫాస్ఫరస్ జాతివి తీసుకున్నవాడు చెమట, చొంగ, ఊపిరితిత్తుల్లో నీరుతో తన స్రావాల్లో తానే మునిగిపోతుంటాడు. విరుగుడు అట్రోపిన్. మనకు దొరికే అంపూల్ 0.6 మి.గ్రా. మొదట మూడు అంపూళ్ళు, ఐదు నిమిషాలకు చూడాలి, చాలకపోతే ఆరు, మళ్ళీ చాలకపోతే పన్నెండు. ఇలా రెట్టింపు చేస్తూ పోవాలి. కొత్త డాక్టరుకు ఇక్కడ భయం వేస్తుంది. ‘ఇన్ని అంపూళ్ళా?’ అని నర్సు అడిగితే ఆగిపోతాడు, గంటకో రెండు అంపూళ్ళు రాసి ఊరుకుంటాడు. ఈలోగా ఊపిరితిత్తులు నిండిపోతాయి.

ఎప్పుడు ఆపాలన్నది రెండో చదువు. కంటిపాప విచ్చుకోవడం ఒక్కటే చూసి ఆపడం పాత పొరపాటు. ఊపిరితిత్తులు పొడిగా వినపడాలి, నాడి 80 దాటాలి, పైబీపీ 80 దాటాలి, చంకలు పొడిబారాలి. ఆ స్థితికి చేరాక, చేరడానికి పట్టిన మొత్తంలో పది నుంచి ఇరవై శాతాన్ని గంటగంటకూ డ్రిప్పుగా ఇవ్వాలి. ఎక్కువైతే రోగి మంచం మీద లేచి గాల్లో ఏవో పట్టుకుంటాడు, జ్వరం వస్తుంది, పొట్టలో కదలిక ఆగుతుంది, ఒంటేలు బిగిస్తుంది. జ్వరానికి ఇన్ఫెక్షను అనుకుని యాంటీబయోటిక్ మొదలుపెట్టేవాళ్ళుంటారు. చేయాల్సింది అట్రోపిన్ కాసేపు ఆపి, తగ్గించి మళ్ళీ పెట్టడం.

ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య ఇంకో గండం ఉంది. మనిషి లేచి కూర్చుని ఇడ్లీ తింటుంటాడు, ఐసీయూ నుంచి వార్డుకు మారుస్తారు, ఆ రాత్రి ఊపిరి కండరాలు చచ్చుబడతాయి. ముందే పట్టుకోవడానికి యంత్రం అక్కర్లేదు. తలగడ మీంచి తల ఎత్తమనాలి. ఎత్తలేకపోతే ప్రమాదం దగ్గర్లో ఉంది. వీళ్ళకు ట్యూబు వేయాల్సివస్తే సక్సినైల్‌కోలిన్ వాడకూడదన్నది కూడా అనస్థీషియా వారాల్లో నేర్పి, ఇక్కడ మళ్ళీ గుర్తు చేయాల్సిన సంగతి. దాన్ని అరిగించే ఎంజైమునే ఆ విషం కట్టేస్తుంది కాబట్టి నిమిషాల్లో పోవాల్సిన మందు గంటలపాటు ఉండిపోతుంది.

ఊళ్ళో ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించి తేవడం, ఇక్కడ వచ్చీరాగానే ముక్కులో గొట్టం వేసి కడుపు కడగడం రెండూ అలవాట్లే. గంట దాటాక కడిగి ప్రయోజనం అరుదు. స్పృహ తప్పినవాడికి ట్యూబు వేయకుండా కడిగితే ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కిరోసిన్, యాసిడ్ కేసుల్లో అసలు కడగకూడదు. చేయాల్సిన మొదటి పని చాలామంది మరిచేదే: బట్టలన్నీ తీసేసి సబ్బునీళ్ళతో ఒళ్ళు కడగడం, చేసేవాళ్ళు గ్లౌజులు వేసుకోవడం. తలకు వేసే రంగు తీసుకున్నవాళ్ళు వేరే తరహా. మెడ, నాలుక వాచి గొంతు మూసుకుపోతుంది. వీళ్ళ గొంతు గురించి చెవి ముక్కు గొంతు డాక్టరును ముందే పిలవాలి. ఆ తర్వాత కండరాలు కరిగి ఒంటేలు కోలా రంగులోకి మారుతుంది, కిడ్నీలకు ఎసరు వస్తుంది. ప్రాణం దక్కినవాళ్ళను మానసిక వైద్యుడికి చూపకుండా ఇంటికి పంపితే చికిత్స సగమే అయినట్టు. ఇదీ పీజీ లాగ్‌బుక్కులో ఉండాల్సిన పనే.

పాముకాటుకు వాడే విరుగుడు మందు ఏఎస్‌వీ నాలుగు పాముల మీద పనిచేస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. దాని తయారీకి వాడే విషంలో చాలా భాగం చెన్నై దగ్గర పాములు పట్టే ఇరుళ తెగవాళ్ళ సహకార సంఘం సేకరించేది. మొదటి మోతాదు పది వయల్స్, అరగంట నుంచి గంటలో. పిల్లలకూ అంతే. పాము పిల్లల్ని చూసి విషం తగ్గించదు కదా. టెస్ట్ డోసు అక్కర్లేదు. పక్కన అడ్రినలిన్ సిరంజిలో నింపి ఉండాలి. దద్దుర్లు, ఊపిరాడకపోవడం మొదలైతే 0.5 మి.గ్రా. తొడ కండరంలోకి. చర్మం కిందకు ఇచ్చే పాత అలవాటు వల్ల మందు ఆలస్యంగా ఎక్కుతుంది.

రక్తం గడ్డకట్టే పరీక్షకు లాబు కూడా అక్కర్లేదు. పొడి గాజు గొట్టంలో 2 మి.లీ. రక్తం పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. కారితే రక్తానికి గడ్డకట్టే గుణం పోయినట్టు. ఇంత సులువైన పరీక్ష ఎందుకు తప్పుతుంది? గాజు గొట్టం దొరక్క ప్లాస్టిక్‌ది వాడతారు. ప్లాస్టిక్కులో బాగున్న రక్తం కూడా సరిగా గడ్డకట్టదు. లేదా సబ్బుతో కడిగిన గొట్టం వాడతారు, దాంతోనూ అదే తంటా. లేదా పది నిమిషాలకే ఓపిక పోయి ఊపి చూస్తారు. పరీక్ష తప్పితే విషం లేనివాడికి ఏఎస్‌వీ ఎక్కుతుంది. ఈ పరీక్షను ఆరేసి గంటలకోసారి మళ్ళీ చేయాలి.

కాలికి తాడు బిగించి తెచ్చినవాళ్ళ విషయంలో తొందర పనికిరాదు. తాడు ఠక్కున కోసేస్తే అక్కడ ఆగిన విషమంతా ఒక్కసారిగా పైకి ఎక్కవచ్చు. సెలైను లైను పెట్టి, ఏఎస్‌వీ మొదలుపెట్టి, ట్యూబు వేసే సామాను దగ్గర పెట్టుకుని, నెమ్మదిగా వదలాలి.

కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కాసేపటికి ‘కళ్ళు తెరవలేకపోతున్నా’ అంటారు. ఆలస్యమైతే పూర్తిగా చచ్చుబడి, కంటిపాపలు కూడా విచ్చుకుని కదలని స్థితిలో వస్తారు. చూడ్డానికి మెదడు చచ్చిపోయినవాడిలా ఉంటాడు. లోపల స్పృహ ఉండవచ్చు, మన మాటలు వినపడుతుండవచ్చు. వెంటిలేటరు మీద కొన్ని రోజులు ఓపిక పడితే లేచి నడిచి వెళ్తారు. నాగుపాముకు నియోస్టిగ్మిన్, దాంతోపాటు అట్రోపిన్ ఇస్తే కళ్ళు తెరుచుకోవచ్చు. కట్లపాముకు అది అంతగా పనిచేయదు, ఎందుకంటే దాని విషం నరం చివరనే పాడుచేస్తుంది. ఈ తేడా తెలియని డాక్టరు మందు పనిచేయలేదని ఆశ వదులుకుంటాడు.

వడదెబ్బ గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి మాట తడబడితే తడిపి ఫ్యాను పెట్టాలి, వీలైతే చల్లటి నీళ్ళ టబ్బులో దించాలి, అరగంటలో 39కి తేవాలి. పారాసిటమాల్ పనిచేయదు. చంకలో థర్మామీటరు పెట్టి వేడి లేదనుకోవడమే ఇక్కడ జరిగే తప్పు.

గ్యాసు నొప్పి, పొటాషియం

గుండెనొప్పిని గ్యాసు అనుకుని ఊళ్ళో ఇంజెక్షను చేయించుకుని వచ్చేవాళ్ళు రోజూ ఉంటారు. వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీసి ఒక డాక్టరు చూడాలన్నది నియమం. షుగరు ఉన్నవాళ్ళకూ ఆడవాళ్ళకూ నొప్పే ఉండకపోవచ్చు. ఆయాసం, చెమట, దవడ లాగడం మాత్రమే ఉండవచ్చు. మొదటి ఈసీజీ బాగుందని పంపేయకుండా పావుగంట, అరగంట తేడాతో మళ్ళీ తీయడం నేర్పాలి. గుండె కింది గోడ దెబ్బతిన్నట్టు కనిపిస్తే కుడివైపు లీడ్లు కూడా పెట్టాలి. కుడి గది కూడా దెబ్బతిని ఉంటే నాలుక కింద సార్బిట్రేట్ పెట్టగానే బీపీ కూలిపోతుంది. గుండెనొప్పి వినగానే ఆ మాత్ర పెట్టే చెయ్యిని ఆపడం పీజీ చదువులో భాగం. గడ్డ కరిగించే ఇంజెక్షను అరగంటలో పడాలి. అంతకుముందే రెండు చేతులకూ బీపీ చూడాలి. పెద్ద తేడా ఉంటే అది బృహద్ధమని చీలిక కావచ్చు, అప్పుడు అదే ఇంజెక్షను ప్రాణం తీస్తుంది.

కనిగిరి, పామూరు, మార్కాపురం వైపు నుంచి కిడ్నీ రోగులు ఎక్కువ. ఒక డయాలసిస్ తప్పిస్తే చాలు, ‘కాళ్ళు లేవట్లేదు’ అంటూ వస్తారు. నాడి 40. గుండె బ్లాకనుకుని అట్రోపిన్ ఇస్తాడు కొత్త డాక్టరు. ఈసీజీలో టీ అలలు మొనదేలి, క్యూఆర్ఎస్ వెడల్పయిందంటే అది రక్తంలో పొటాషియం పెరగడం. లాబు రిపోర్టు కోసం ఆగకూడదు. 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ., మానిటరు చూస్తూ నెమ్మదిగా, ఈసీజీ మారకపోతే ఐదు నిమిషాలకు మళ్ళీ. ఇది గుండెను కాసేపు కాపాడుతుందే తప్ప పొటాషియాన్ని తగ్గించదు. తగ్గించేందుకు పది యూనిట్ల ఇన్సులిన్, దాంతోపాటు 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ., సాల్బుటమాల్ నెబ్యులైజరు. చివరికి డయాలసిస్సే. కిడ్నీ పనిచేయనివాడి ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి తర్వాత ఆరు గంటలూ గంటకోసారి షుగరు చూడాలి. పొటాషియం నుంచి బయటపడి షుగరు పడిపోయి దెబ్బతిన్నవాళ్ళున్నారు.

రోడ్డు మీద, రాళ్ళ మధ్య

నాయుడుపేట నుంచి ఒంగోలు దాటేదాకా 16వ నంబరు జాతీయ రహదారి ఈ జిల్లాల వెన్నెముక. కూలీల ఆటో లారీకి తగిలితే పదిమంది ఒకేసారి వస్తారు. గాయాల చికిత్సలో పీజీ చేతికి రావాల్సినవి కొన్నే. నడుము కట్టు ఒకటి. కటి ఎముక విరిగినవాడికి దుప్పటి మడిచి బిగించి కట్టాలి. అందరూ నడుముకు కడతారు. కట్టాల్సింది తొడ ఎముక పైన పక్కకు పొడుచుకొచ్చిన గుబ్బల మట్టంలో. ఛాతీలో రక్తమో గాలో చేరితే ఐదో పక్కటెముక సందులో, చంక మధ్య గీతకు కాస్త ముందు, కింది ఎముక పై అంచు వెంబడి ట్యూబు పెట్టాలి. పై ఎముక కింది అంచున నరం, రక్తనాళం ఉంటాయి. లోపలికి వేలు పెట్టి చూసుకోకుండా తోస్తే కాలేయంలోకి పోయిన సందర్భాలున్నాయి. రక్తం పోతున్నవాడికి సెలైను బాటిళ్ళు వరుసగా ఎక్కిస్తే గడ్డకట్టే గుణం పలచబడుతుంది, ఒళ్ళు చల్లబడుతుంది. ఒక లీటరు దాటే లోపే రక్తం మొదలవ్వాలి. రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ ఆమ్లం ఒక గ్రాము, గాయమైన మూడు గంటల్లోపు.

చీమకుర్తి క్వారీల్లో రాయి కింద కాలు గంటలకొద్దీ నలిగినవాడిది వేరే లెక్క. రాయి ఎత్తాక సెలైను పెడితే ఆలస్యం. ఎత్తకముందే పెట్టాలి. నలిగిన కండరంలోని పొటాషియం రక్తం మళ్ళీ పారగానే గుండెకు చేరుతుంది. అప్పటిదాకా మాట్లాడుతున్న మనిషి రాయి తీయగానే పోయాడని జనం చెప్పుకునేది దీని గురించే.

రాత్రి వచ్చే కేసుల్లో అన్నిటికన్నా మోసం చేసేది ‘తాగి పడ్డాడు’ అన్న మాట. ఆ ముద్ర పడగానే అతన్ని మూల మంచం మీద పడేసి పొద్దున చూద్దామంటారు. తాగినవాడి తలలోనూ రక్తం కారుతుంది, తాగినవాడి షుగరూ పడిపోతుంది. షుగరు చూడడం, గంటగంటకూ స్పృహ స్కోరు రాయడం, మెరుగుపడకపోతే సీటీకి పంపడం, ఈ మూడూ వాసనతో నిమిత్తం లేకుండా చేయాలి.

మూడో ఏడాది

మొదటి ఏడాది పీజీ ఒక రోగిని చూస్తాడు. మూడో ఏడాది పీజీ గదిని చూడాలి. ఎరుపులో ముగ్గురు, పసుపులో ఎనిమిదిమంది, బయట రెండు ఆంబులెన్సులు, ఐసీయూలో ఒకటే మంచం. సీపీఆర్ జరుగుతుంటే తాను ఛాతీ నొక్కకూడదు, మంచం కాళ్ళ దగ్గర నిలబడాలి. నొక్కే వేగం నిమిషానికి 100 నుంచి 120 మధ్య ఉందా, లోతు ఐదు సెంటీమీటర్లు దిగుతోందా, బ్యాగు కొట్టేవాడు ఆదుర్దాలో మరీ వేగంగా కొడుతున్నాడా, అడ్రినలిన్ మూడు నుంచి ఐదు నిమిషాలకు పడుతోందా చూడాలి. అన్నిటిలోనూ చెయ్యి పెట్టే మంచి డాక్టరు ఇక్కడ చెడ్డ నాయకుడవుతాడు.

డ్యూటీ మారే వేళ ఇంకో బలహీన చోటు. ‘రెండో మంచం మెడిసిన్ వాళ్ళది, చెప్పాం’ అని వెళ్ళిపోతే ఆ రోగి ఎవరివాడూ కాదు. ఏం జరిగింది, ఏం చేశాం, ఏది రావాల్సి ఉంది, ఏం జరిగితే భయపడాలి, ఈ నాలుగూ మంచం పక్కన నిలబడి చెప్పాలి.

జిల్లా ఆసుపత్రి మూడు నెలల్ని చాలామంది సెలవులా చూస్తారు. నిజానికి రిఫర్ చేయడం అక్కడే తెలుస్తుంది. మార్కాపురం నుంచి ఒంగోలుకు సుమారు వంద కిలోమీటర్లు, ప్రయాణం రెండు గంటలు దాటుతుంది. బి-టైపు సిలిండరులో ఆక్సిజన్ 1,500 లీటర్లు. నిమిషానికి 15 లీటర్లు పారితే వంద నిమిషాల్లో ఖాళీ, అంటే దారిలోనే. ఈ గుణకారం వేయకుండా బండెక్కించడం రిఫరల్ కాదు, భారం దించుకోవడం. దారిలో గొంతు మూసుకుపోయే అవకాశం ఉంటే బయల్దేరకముందే ట్యూబు వేయాలి. అవతలి డాక్టరుతో ఫోనులో మాట్లాడాలి. ఇచ్చిన మందు, ఇచ్చిన టైము కాగితం మీద రాయాలి. ఏఎస్‌వీ ఎన్ని వయల్స్ ఎక్కాయో రాయని చీటీ వల్ల అవతల మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతారు.

పోలీసు కేసుల సంగతి. ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసు) కాగితం రాయడం ఆలస్యమైనా ఫర్వాలేదు, వైద్యం ఆగకూడదు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ఇది తేల్చేసింది. గాయం కొలతలు సెంటీమీటర్లలో రాయాలి, ‘చిన్న గాయం’ అని కాదు. రెండేళ్ళ తర్వాత కోర్టులో నిలబడేది ఆ పీజీనే.

‘మావాడికి ఏం ఫర్వాలేదు గదా సార్?’ అని అడిగే వాళ్ళతో మాట్లాడడం కూడా సాధన చేయించాల్సిన పనే. చనిపోయినప్పుడు పక్క గదిలో కూర్చోబెట్టి, తానూ కూర్చుని, ముందు వాళ్ళకు తెలిసిందేమిటో అడిగి, ‘చనిపోయారు’ అనే మాటను అలాగే అనాలి. ‘మా ప్రయత్నం మేం చేశాం’ దగ్గర ఆగితే ఇంకా ఆశ ఉందనుకుంటారు. అసలు సంగతి కాసేపటికి వార్డుబాయ్ నోట వింటే అప్పుడే గొడవ మొదలవుతుంది. డాక్టర్ల మీద దాడులకు 2008 నుంచి రాష్ట్రంలో ప్రత్యేక చట్టం ఉంది. చట్టం తర్వాత వచ్చేది, ముందు పనికొచ్చేది అరగంటకోసారి బయటికి వచ్చి ఒక మాట చెప్పడమే.

సీటు ఎంచుకునేవాళ్ళకు

నేర్పడానికి ఒక మెట్ల వరస ఉంటుంది: చూడటం, పెద్దవాళ్ళ చెయ్యి తోడుగా చేయడం, గదిలో పెద్దవాళ్ళుండగా చేయడం, ఒంటరిగా చేయడం, ఇంకొకరికి నేర్పడం. చాలాచోట్ల మొదటి మెట్టు నుంచి నాలుగో మెట్టుకు ఒక్క రాత్రిలో దూకిస్తారు. దాన్ని ధైర్యం నేర్పడమంటారు. ఆ రాత్రి నేర్చుకున్న తప్పు పద్ధతి తర్వాత పదేళ్ళు వెంట ఉంటుంది. లాగ్‌బుక్కు పరీక్షకు ముందు వారం కూర్చుని నింపేది అయితే దానికన్నా లేకపోవడం మేలు. ప్రతి ట్యూబు పక్కనా ‘ఎన్నో ప్రయత్నం, ఆక్సిజన్ ఎంతకు పడింది, ఎవరు చూశారు’ అని అదే రోజు రాస్తే అది పాఠం. నెలకోసారి చనిపోయిన కేసుల మీద జరిగే సమావేశంలో ‘ఎవరు చేశారు’ అని అడుగుతున్నారా, ‘ఎందుకలా జరిగింది’ అని అడుగుతున్నారా అన్నదాన్ని బట్టి ఆ విభాగం తెలిసిపోతుంది. మొదటి ప్రశ్న అడిగేచోట మరుసటి నెల నుంచి తప్పులు బయటికి రావు.

సీటు చూసుకునేటప్పుడు కాలేజీ పేరు కన్నా అక్కడి మూడో ఏడాది పీజీని పట్టుకుని అడగడం మేలు. సొంత విభాగానికి మంచాలున్నాయా, లేక వచ్చినవాళ్ళను పంపే పనేనా? అనస్థీషియా వారాల్లో నిజంగా ట్యూబులు వేయనిస్తారా, లేక మూల నిలబెడతారా? క్యాప్నోగ్రాఫ్ పనిచేస్తోందా? అల్ట్రాసౌండు యంత్రం రాత్రి చేతికి అందుతుందా? 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద యంత్రాన్నీ వాడే డాక్టరునూ నమోదు చేయించాలి. ఆ కాగితాలు పూర్తిచేయని చోట యంత్రం కొని కూడా తాళం వేసి ఉంచుతారు, పొట్టలో రక్తం చూడటం పీజీకి రాకుండానే మూడేళ్ళు అయిపోతాయి. ఇక డ్యూటీ చార్టు అడిగి చూడండి. రాత్రి కన్సల్టెంటు పేరు పక్కన ‘ఆన్ ఫ్లోర్’ అని ఉందా, ‘ఆన్ కాల్’ అని ఉందా? ఆన్ కాల్ అయితే ఆయన ఇల్లు ఆసుపత్రికి ఎంత దూరమో కూడా కనుక్కోండి.